రంపం తిన్న తొమ్మిది మిల్లీమీటర్లు: 7-ఎ దశాంశాల డైరీ

అక్టోబర్ 6

మొన్న క్లాస్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే ఒకచోట పెన్ను ఆగింది. 0.3, 0.125లో పెద్దది ఏది అంటే, లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల 0.125కి గుండ్రం చుట్టింది. ఆ పక్క పేపరూ అంతే. దాని తర్వాతదీ అంతే. ఇంటూ గుర్తులు వేసుకుంటూ పోయాను. పదకొండేళ్లుగా చేస్తున్న పనే. అయితే ఈసారి ఇంటికొచ్చాక కూడా అది వదల్లేదు. అంతమంది ఒకే తప్పు చేశారంటే అది అజాగ్రత్త అయ్యుండదు, ఏదో ఒక లెక్క ప్రకారమే చేసుంటారు. ఆ లెక్కేంటో నాకు తెలీదు.

అందుకే ఈ టర్మ్ దశాంశాల పాఠాన్ని ఒక ప్రాజెక్టులా పెట్టుకుంటున్నాను. బి.ఎడ్.లో చదివి, పరీక్షలో రాసి, సర్టిఫికెట్‌తోపాటు బీరువాలో పెట్టేసిన సిద్ధాంతాలు కొన్ని ఉన్నాయి కదా, వాటిలో రెండు మూడు నిజంగా క్లాసులో పెట్టి చూద్దామని. సోవియట్ మనస్తత్వవేత్త వైగోత్స్కీ మీద పది మార్కుల జవాబు రాసి ఎనిమిది తెచ్చుకున్నదాన్ని. ఆయన చెప్పింది ఒక్కసారైనా వాడానా అంటే, లేదు.

మా స్కూలు ఉత్తర చెన్నైలో. తెలుగువాళ్లు తరాల కిందట పెట్టుకున్న ఎయిడెడ్ స్కూలు. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు, పుస్తకం ఇంగ్లీషులో చదువుతారు. నా క్లాసు 7-ఎ, 38 మంది. సామగ్రి: ఒక ప్రొజెక్టర్, నా లాప్‌టాప్, నా ఫోన్, పనిచేసీ చేయని స్మార్ట్ బోర్డు. ఈ బోర్డు మీద ఎడమవైపు తాకితే గీత కుడివైపు పడుతుంది. దాని సంగతి ఇక రాయను.

అక్టోబర్ 9

ప్లికర్స్ అనే ఆప్ గురించి ఎప్పుడో విన్నాను. పిల్లల చేతిలో ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక నంబరున్న కాగితపు కార్డు ఇస్తాం. దాని మీద నల్ల గడుల గుర్తు ఉంటుంది, నాలుగు వైపులా చిన్నగా ఎ, బి, సి, డి. తన జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. నేను ఫోన్ కెమెరా గదంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏది ఎంచారో అన్నీ పడిపోతాయి. ప్రతి కార్డు గుర్తూ వేరు కాబట్టి పక్కవాడిది చూసి అలాగే తిప్పినా జవాబు కలవదు. కాపీకి మందు ఇంత చవగ్గా ఎక్కడా చూడలేదు.

కార్డులు పాడవకూడదని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. నా అతితెలివి. క్లాసులో ట్యూబ్‌లైట్ వెలుగు ఆ మెరుపు మీద పడి కెమెరాకి సగం కార్డులు తెల్ల మచ్చల్లా కనిపించాయి. పిల్లలు చేతులెత్తి కూర్చున్నారు, నేను ఫోన్ పట్టుకుని కిటికీ నుంచి బోర్డు దాకా, బోర్డు నుంచి కిటికీ దాకా తిరిగాను. చివరికి లైట్లు ఆపమన్నాను. బయట మబ్బు, లోపల చీకటి. పీరియడ్ అయిపోయింది. సాయంత్రం మళ్లీ మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించాను, లామినేషన్ లేకుండా. మొదటి విడత డబ్బు నేలపాలు.

అక్టోబర్ 13

ఇవాళ పనిచేసింది. 36 మంది వచ్చారు.

మొదటి ప్రశ్న పాతదే: 0.3, 0.125లో పెద్దది ఏది? 17 మంది 0.125 అన్నారు, 16 మంది 0.3, ఇద్దరు సమానం, ఒకరు చెప్పలేం. సరే, దాదాపు సగం మందికి వచ్చు అనుకుని రెండో ప్రశ్న వేశాను: 0.4, 0.45లో పెద్దది ఏది?

ఇక్కడ నా కళ్లు తిరిగాయి. మొదటిదానికి సరిగ్గా చెప్పిన ఆ 16 మందిలో ఏడుగురు ఇప్పుడు 0.4 పెద్దది అన్నారు. మొదటిది తప్పు చెప్పిన 17 మందీ దీన్ని సరిగ్గా చెప్పారు! అంటే పేపర్లో ఒక్క ప్రశ్నే ఇస్తే, ఏది ఇచ్చానన్నదాన్ని బట్టి ఒక గుంపు పాసవుతుంది, ఇంకో గుంపు ఫెయిలవుతుంది. రెండూ సరిగ్గా చెప్పినవాళ్లు తొమ్మిది మందే.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్లీ అనే ఇద్దరు దశాంశాల మీద పిల్లల ఆలోచనలనే ఏళ్ల తరబడి పరిశీలించారు. పొడుగ్గా ఉన్నదే పెద్దది అనుకునేవాళ్లు కొందరు, పొట్టిగా ఉన్నదే పెద్దది అనుకునేవాళ్లు కొందరు అని వాళ్లు విడదీసి చెప్పారు. మా క్లాసు ఆ పరిశోధన చదివి వచ్చినట్టే ఉంది.

పొడుగు గుంపు సంగతి అర్థమవుతుంది. 125 మూడు కన్నా పెద్దది కదా. పొట్టి గుంపు ఎందుకలా అంటోందో తెలియక 17వ నంబర్ కార్డు పిల్లాణ్ణి ఇంటర్వల్‌లో పిలిచి అడిగాను. (పేర్లు రాయను, కార్డు నంబర్లే.) వాడు నన్ను జాలిగా చూసి చెప్పాడు: "మిస్, 0.4 అంటే పది ముక్కలు చేశాం. 0.45 అంటే వంద ముక్కలు చేశాం. పది ముక్కలు చేస్తే ముక్క పెద్దగా వస్తుంది, వంద చేస్తే చిన్నగా వస్తుంది. మీరే కదా చెప్పారు పోయినేడు."

చెప్పాను. ఆరో తరగతిలో భిన్నాలప్పుడు హారం పెరిగితే భాగం తగ్గుతుందని గోధుమ రొట్టె బొమ్మ వేసి మరీ చెప్పాను. వాడు దాన్ని బాగా నేర్చుకున్నాడు. బాగా నేర్చుకోవడమే ఇక్కడ వాడి కొంప ముంచింది.

ఇక ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టేముందు కాస్త ఆగుతాను.

అక్టోబర్ 15

నా వల్ల కూడా తప్పుంది. ఇవాళ పాఠం ఆడియో ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంట్లో విన్నాను. నేను 0.25ని "పాయింట్ ఇరవై ఐదు" అంటున్నాను. నలభై నిమిషాల్లో తొమ్మిదిసార్లు అన్నాను. చెవిలో ఇరవై ఐదు అని పడ్డాక పిల్లాడు దాన్ని పూర్ణసంఖ్యగా తీసుకోక ఏం చేస్తాడు?

రేపటి నుంచి రూల్: పాయింట్ తర్వాత అంకెలు విడివిడిగా. పాయింట్ రెండు ఐదు. ఎవరు తప్పినా రూపాయి డబ్బాలో వేయాలి. టీచర్‌కీ వర్తిస్తుంది.

ఇంకొకటి కనిపెట్టాను. 0.5 తర్వాత ఏమొస్తుంది అంటే ఇద్దరు అబ్బాయిలు ఠక్కున "ఒకటి" అన్నారు. క్రికెట్! చెపాక్‌లో మ్యాచ్ ఉంటే చాలు స్కోరుబోర్డులోనే బతుకుతారు వీళ్లు. 4.5 ఓవర్ల తర్వాత వచ్చేది 5. ఆరు బంతులకి ఓవర్ కాబట్టి అక్కడ ఆ చుక్కకి దశాంశంతో సంబంధమే లేదు. టైమ్‌ని 1.30 అని రాసినా అదే గొడవ. ఒకే చుక్కని ఊరంతా తలా ఒక పనికి వాడుకుంటూ, పిల్లలు మాత్రం తికమక పడకూడదంటే ఎలా? ఈ రెంటినీ క్లాసులో విడిగా చెప్పాలి.

అక్టోబర్ 18

పైపు రోజు.

అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ చెప్పిన మూడు మెట్లు బి.ఎడ్. చేసినవాళ్లందరికీ నోటికొచ్చినవే: మొదట చేత్తో, తర్వాత బొమ్మగా, ఆ తర్వాత గుర్తుగా. నేను ఎప్పుడూ మూడో మెట్టు మీదే నిలబడి కింది రెండు మెట్లెక్కి రండి అని పిలుస్తున్నాను. దశాంశాన్ని చేత్తో పట్టుకునేలా ఏం చేయాలి? పొడవైతే బాగుంటుంది. పెద్దా చిన్నా కంటికి కనిపిస్తాయి.

పెరంబూర్‌లో హార్డ్‌వేర్ షాపుకెళ్లి వైరింగ్‌కి వాడే తెల్ల పీవీసీ పైపు, పది అడుగులది కొన్నాను. స్కూల్లో ప్లంబింగ్ పనికొచ్చే అన్నని బతిమాలి రంపంతో కోయించాను. ఒక మీటరు ముక్క అలాగే ఉంచాను, అది 1. ఇంకో మీటరు ముక్క మీద పది సెంటీమీటర్లకి ఒక గీత పెట్టి పది ముక్కలు. మూడో మీటరులోంచి సెంటీమీటరు ముక్కలు ఓ ఇరవై. మిల్లీమీటరు ముక్క రంపంతో కుదరదు, చార్ట్ అట్ట పొరలు అతికించి స్కేలు పెట్టి చూసుకుంటూ బిళ్లలు చేశాను. "ఎందుకమ్మా ఇంత చిన్న ముక్కలు, దేనికీ పనికిరావు" అని ఆ అన్న అడుగుతూనే కోశాడు.

క్లాసులో మీటరు పైపు నేల మీద పెట్టి, పక్కన పది ముక్కలు వరసగా పేర్చమన్నాను. పది పదో వంతులు కలిస్తే ఒకటి అని గొప్పగా చూపించాలని నా ప్లాను.

కలవలేదు.

పది ముక్కలూ చివరి దాకా పేర్చినా కొంచెం ఖాళీ మిగిలింది. 9వ నంబర్ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఒకటి రెండుసార్లు ముక్కల్ని నెట్టి చూసి, "మిస్, ఒకటి రావట్లేదు" అంది. నాకు చెమటలు పట్టాయి. ముక్క ఏదైనా పోయిందేమోనని లెక్కపెట్టాను, పదే ఉన్నాయి. ఎవరో స్కేలు తెచ్చి ఖాళీని కొలిచారు: తొమ్మిది మిల్లీమీటర్లు.

గదిలో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. సరిగ్గా కొలవలేదని ఒకరు, ప్లంబర్ అన్న మోసం చేశాడని ఒకరు. వెనక బెంచీ నుంచి 31వ నంబరు, మామూలుగా నోరు విప్పని పిల్లాడు, వాళ్ల నాన్న వడ్రంగి, అన్నాడు: "రంపం తినేసింది మిస్."

కోసిన ప్రతిచోటా బ్లేడు మందమంత పొట్టుగా రాలిపోతుంది. పది ముక్కలకి ఎన్ని కోతలు? పది అన్నారు కొందరు. కాదు తొమ్మిది అని వాడే వేళ్లు చూపించి చెప్పాడు. కోతకి ఒక మిల్లీమీటరు చొప్పున తొమ్మిది. ఖాళీ తొమ్మిది. నేను బోర్డు మీద ఏమీ రాయకముందే 17వ నంబరు నోట్సులో 0.009 అని రాశాడు. మీటరులో ఇది ఎంత అని నేను అడగలేదు, వాడికే అవసరం పడింది. 1 లోంచి 0.009 పోతే 0.991. ఆ తీసివేతని మామూలుగా నేర్పించాలంటే నాకు రెండు పీరియడ్లు పడుతుంది.

పాఠం ప్లాను ప్రకారం ఇవాళ వెయ్యో వంతులు లేవు. ఇంకో పది రోజుల తర్వాత. పక్క గదిలో పాఠం చెబుతున్న తమిళం టీచర్ గోల విని వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయారు.

అక్టోబర్ 22

రెండో మెట్టు, బొమ్మ. లెక్కల బొమ్మలు గీసే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్‌లో సంఖ్యారేఖ తీసి ప్రొజెక్టర్ మీద వేశాను. 0.4కీ 0.5కీ మధ్య మౌస్ చక్రం తిప్పితే అక్కడ 0.41, 0.42 అని కొత్త గీతలు పుట్టుకొస్తాయి. మళ్లీ తిప్పితే వాటి మధ్య ఇంకా. "ఇంకా, మిస్, ఇంకా" అని అరుస్తూనే ఉన్నారు.

చూడ్డానికి బాగుంది గానీ, తర్వాత అడిగితే పైపు గుర్తున్నంతగా ఇది గుర్తులేదు. చక్రం తిప్పింది నేను. వాళ్లు చూశారంతే. రేపటి నుంచి మౌస్ వాళ్ల చేతిలో.

డబ్బాలో ఇప్పటికి ఆరు రూపాయలు. నాలుగు నావి. నా నోట్లోంచి ఇరవై ఐదు రాగానే పట్టుకోడానికి కాచుక్కూర్చుంటున్నారు. పాఠం వినడానికి ఇంతకన్నా మంచి కారణం నేను ఇవ్వలేను.

అక్టోబర్ 24

ఒక పొరపాటు. మార్పుగా ఉంటుందని కంప్యూటర్ ల్యాబ్‌లో టైమర్, మార్కుల పట్టిక ఉండే క్విజ్ ఆట పెట్టాను. ముగ్గురికో కంప్యూటర్. సంగీతం, రంగులు, ఎవరు ముందు నొక్కితే వాళ్లకి ఎక్కువ మార్కులు. గది దద్దరిల్లింది. హెచ్‌ఎం గారు వచ్చి చూసి సంతోషపడ్డారు.

31వ నంబరు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పైపు రోజు అంత చెప్పినవాడు. మౌస్ పక్కవాడి దగ్గరుంది, వీడు ఆలోచించేలోపు ఆ వేగంగాడు నొక్కేస్తున్నాడు. చివర్లో పట్టికలో వాళ్ల టీమ్ అట్టడుగున.

1950లలో అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ బోధనా యంత్రం తయారుచేసినప్పుడు దానికున్న పెద్ద గుణం ఎవరి వేగంతో వాళ్లు ముందుకెళ్లగలగడం. చెక్కపెట్టెలాంటి దాంట్లో కాగితం చుట్ట పెట్టి చేసిన యంత్రానికి ఉన్న ఆ ఓపిక నేను తెరిచిన ఈ రంగుల ఆటకి లేదు. ఇక దాన్ని తెరవను. సందడి చూసి నేర్చుకుంటున్నారనుకోవడం నాకూ అలవాటే, హెచ్‌ఎం గారిని అనడానికి లేదు.

నవంబర్ 3

దీపావళి, ఆపైన వాన సెలవులు. ముందురోజు రాత్రి నుంచే వాట్సాప్‌లో కలెక్టర్ ప్రకటన కోసం పిల్లలు, వాళ్లకన్నా ఎక్కువగా టీచర్లు ఎదురుచూడ్డం చెన్నైలో ప్రతి ఏడూ ఉన్నదే. మొత్తం మీద చాలా రోజుల తర్వాత ఇవాళే క్లాసు జరిగింది. వీధిలో నీళ్లు నిలవడం వల్ల 29 మందే.

పాత రెండు ప్రశ్నలూ మళ్లీ కార్డులతో అడిగాను. సెలవులకి ముందు 22 మంది రెండూ సరిగ్గా చెప్పారు. ఇవాళ 13.

ఏడవాలనిపించింది. తర్వాత ఎబ్బింగ్‌హౌస్ గుర్తొచ్చాడు. ఆ జర్మన్ మనస్తత్వవేత్త అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీపట్టి, ఎన్నాళ్లకి ఎంత మర్చిపోతున్నాడో తన మీద తానే పరీక్షించుకుని 1885లో ఆ లెక్క ప్రచురించాడు. మరపు మొదట్లోనే జారుడుబల్లలా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మళ్లీ నేర్చుకోడానికి మాత్రం మొదటిసారి పట్టినంత టైమ్ పట్టదు. ఇవాళ అదే చూశాను. పైపు ముక్కలు బయటికి తీసి పది నిమిషాలు మాట్లాడగానే మళ్లీ 23 మంది దారిలో పడ్డారు. అక్టోబర్‌లో దీనికి వారం పట్టింది.

సరే, వానని తిట్టుకోవడం మానేసి వాడుకోవాలి. చెప్పులడబ్బాలు ఐదు తెచ్చాను. లైట్నర్ పెట్టెలంటారు, 1970లలో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ప్రశ్న కార్డులన్నీ మొదటి డబ్బాలో ఉంటాయి, రోజూ అడుగుతాం. క్లాసులో చాలామంది సరిగ్గా చెబితే ఆ కార్డు రెండో డబ్బాకి పోతుంది, రెండు రోజులకోసారి. అక్కడా చెబితే మూడోది, వారానికోసారి. తప్పితే ఎక్కడున్నా తిరిగి మొదటి డబ్బాకే. ఇది అసలు ఒక్కొక్కరు సొంతంగా చేసుకునేది, నేను క్లాసు మొత్తానికి కలిపి నడుపుతున్నాను. లైట్నర్ ఒప్పుకుంటాడో లేదో!

రోజూ పీరియడ్ మొదటి ఐదు నిమిషాలు నాలుగు ప్రశ్నలు, పుస్తకం మూసి. మార్కులుండవు. అది వాళ్లు మొదట నమ్మలేదు.

నవంబర్ 6

స్టాఫ్ రూమ్‌లో ఒక మేడం అన్నారు, "రోజూ టెస్టు పెడితే పిల్లలకి టెన్షన్ కదా, దాని బదులు ఇంకోసారి చదివించొచ్చుగా." నేనూ మొన్నటిదాకా చదివించేదాన్నే. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగం చెప్పాను. ఒక గుంపు చిన్న వ్యాసాన్ని మళ్లీ చదివింది, ఇంకో గుంపు మూసేసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు మెరుగు. పరీక్ష ముందురోజు రాత్రి చదివి పాసైపోయిన మనందరికీ మొదటి ఫలితం అనుభవమే, రెండోది మనం ఎప్పుడూ కొలుచుకోలేదు. మేడం నవ్వి, "సరే, నాకూ ఆ కార్డులు ప్రింట్ తీసివ్వు" అన్నారు. లామినేషన్ చేయించకండి అని మాత్రం గట్టిగా చెప్పాను.

నవంబర్ 12

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మాజూర్ పద్ధతి. ప్రశ్న అడిగి, ఒంటరిగా ఆలోచించి ఓటు వేయమంటారు. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే, టీచర్ నోరు మూసుకుని పిల్లల్ని పక్కవాళ్లతో వాదించుకోమనాలి. మళ్లీ ఓటు. నాకు కష్టమైన భాగం నోరు మూసుకోవడం.

ప్రశ్న: ఒక గొలుసు 3.2 గ్రాములు, ఇంకోటి 3.125 గ్రాములు. ఏది బరువు?

మొదటి ఓటు: 36లో 18. సరిగ్గా సగం. ఫలితం తెర మీద చూపించలేదు. చూపిస్తే ఎక్కువమంది ఎటుంటే అటు దూకేస్తారు.

మూడు నిమిషాలు. నేను బెంచీల మధ్య నడుస్తూ విన్నాను. వాదన అంతా తెలుగు తమిళం కలగలిపి. "పుళ్ళి (చుక్క) తర్వాత మొదటిది చూడాలి రా", "అదెట్ల, నూటిరవై అయిదు పెద్దది గదా". 22వ నంబర్ అమ్మాయి గొంతు అన్నింటికన్నా పైన. వాళ్ల నాన్న సౌకార్‌పేట వైపు నగల పట్టెడలో పనిచేస్తాడు. "మా నాన్న తక్కెడలో 3.2 అని రాదు. 3.200 అని వస్తుంది. ఇప్పుడు చెప్పు, రెండొందలు పెద్దదా, నూటిరవై అయిదా?" చుట్టూ నాలుగు బెంచీలు తిరిగి చూశాయి. రెండో ఓటు 29.

పక్కవాళ్ల సాయంతో ఒక మెట్టు పైకెక్కడం అంటే వైగోత్స్కీ ఇదే చెప్పాడు కదా అని మురిసిపోతూ ఇంటికొచ్చాను. ఆ మురిపెం మర్నాటి దాకానే.

నవంబర్ 13

నిన్న జవాబు మార్చుకున్నవాళ్లలో ఒకణ్ణి పిలిచి, పైపు ముక్కలతో 0.125 పేర్చమన్నాను. వాడు పెట్టెలో చెయ్యి పెట్టి వెతికాడు. సెంటీమీటరు ముక్కలన్నీ బయటకి తీసి లెక్కపెట్టాడు. "మిస్, నూటిరవై అయిదు ముక్కలు లేవు."

అర్థమైంది. సున్నాలు తగిలించడం వాడికి దొడ్డిదారి. 200, 125 అయ్యాక వాడు మళ్లీ పూర్ణసంఖ్యల్నే పోలుస్తున్నాడు. జవాబు కరెక్టు, తల లోపల మాత్రం ఏమీ మారలేదు. ఆ చిట్కా తప్పని కాదు, నగల కొట్లో చక్కగా పనికొస్తుంది. కానీ చిట్కా దొరికాక ఆలోచించాల్సిన పని పోయింది. ఓటు లెక్క 29 చూసి నేను పాఠం ముగించి ఉంటే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఒకటి అంటే ఏ ముక్క? పది సెంటీమీటర్లది తీశాడు. రెండు? సెంటీమీటరువి రెండు. ఐదు? అట్టబిళ్లలు ఐదు. పక్కనే 0.2 పేర్చాడు, పెద్ద ముక్కలు రెండు. రెండు వరసల చివర్లూ చూశాడు. "ఓ" అన్నాడు. ఆ "ఓ" కోసం పన్నెండు నిమిషాలు పట్టింది. క్లాసులో ఇలా ఇంకా పది మంది ఉన్నారు. 38 మందికి పన్నెండేసి నిమిషాలు ఎక్కణ్ణుంచి తేవాలి?

నవంబర్ 20

పైపు ముక్కల్ని పిల్లలే నడిపేలా చేశాను. పొద్దున ప్రేయర్‌కి ముందు పావుగంట, ఇష్టమున్నవాళ్లు ఇద్దరిద్దరుగా వచ్చి పేర్చుకోవచ్చు. 31వ నంబరు మేనేజర్. ముక్కలు పంచడం, లెక్కపెట్టి తీసుకోవడం వాడి పని. సెంటీమీటరు ముక్క ఒకటి తగ్గితే మూడో బెంచీలో ఈల వేస్తున్నవాడి నోట్లోంచి లాగి తెచ్చాడు.

నా స్లైడ్లు కూడా మార్చాను. ఇంతకాలం స్లైడు నిండా వాక్యాలు రాసి, వాటినే పైకి చదివేదాన్ని. చెవి, కన్ను ఒకే మాటలతో కొట్టుకుంటే పిల్లకి మిగిలేది తగ్గుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చెబుతాయి. ఇప్పుడు స్లైడు మీద బొమ్మ ఒక్కటే, మాట నాది.

డిసెంబర్ 4

మళ్లీ వాన సెలవులు, మళ్లీ తిరిగొచ్చాం. ఈసారి 33 మందిలో 24 మంది రెండు ప్రశ్నలూ సరిగ్గా చెప్పారు, ముక్కలు బయటకి తీయకముందే. నవంబర్‌తో పోలిస్తే నిలబడినట్టే. డబ్బాల వల్లా, పైపు వల్లా, పొద్దుటి పావుగంట వల్లా అంటే చెప్పలేను. అన్నీ ఒకేసారి పెట్టేశాను కాబట్టి విడదీసే దారి లేదు. పరిశోధన చేసేవాళ్లు ఇలా చేయరు. క్లాసు నడిపేవాళ్లు ఇలాగే చేస్తారు.

కొత్త ప్రశ్న వేశాను: 4.45, 4.4502లో ఏది పెద్దది? 15 మంది సమానం అన్నారు! వీళ్లలో 17వ నంబరూ ఉన్నాడు. "పైసలు రెండే కదా మిస్, ఆ తర్వాత ఏమున్నా లెక్కలోకి రాదు." నాలుగు రూపాయల నలభై ఐదు పైసలు. డబ్బుతో దశాంశం చెప్పడం తేలికని మొదట్లో నేనే చెప్పాను, ఆ తేలిక ఇప్పుడు ఇక్కడ తేలింది. ఏ ఉదాహరణ చెప్పినా దాని తోక కూడా వెంట వస్తుంది.

సెలవులకి ముందు డబ్బా విప్పాం. 23 రూపాయలు, 14 నావి. నేను ఇంకొంచెం కలిపి కడలమిఠాయి (పల్లీ చిక్కీ) కొన్నాను.

జనవరి 20

పొంగల్ అయి వచ్చాక, ముందు చెప్పకుండా, కాగితం మీద పది ప్రశ్నలు. ఆరు పోలికలు, నాలుగు పేర్చడాలు. 37 మంది రాశారు. పోలికలన్నీ సరిగ్గా రాసినవాళ్లు 25. ఏడుగురు 4.4502 దగ్గర మాత్రమే పడ్డారు. ముగ్గురు ఇంకా పొడుగు గుంపులోనే ఉన్నారు. ఇద్దరి జవాబుల్లో ఏ వరసా కనిపించలేదు, వాళ్లతో కూర్చోవాలి. అక్టోబర్‌లో రెండే ప్రశ్నలకి తొమ్మిది మంది.

7-బి టీచర్ పైపు అడిగారు. ఇచ్చాను, రంపం సంగతి చెప్పకుండా. వాళ్ల పిల్లలే కనుక్కోవాలి.

మొదటి చెప్పులడబ్బాలో ఇంకా మూడు కార్డులు పడి ఉన్నాయి: 4.45–4.4502, 0.6–0.60, 3.05–3.5. రేపు రెండో పీరియడ్ వాటితోనే మొదలు. అట్టబిళ్లలు నలిగిపోయాయి, ఈ రాత్రికి కొత్తవి కత్తిరించాలి.